బెటాలియన్ కానిస్టేబుల్ తరఫున మాట్లాడేది ఎవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వు (ఏఆర్)లో కానిస్టేబుల్‌గా చేరి ఏఆర్ఎస్సైగా, అంటే అసిస్టెంట్ రిజర్వు ఎస్సైగా రిటైర్ అయ్యాను. ఈ ఉత్తరం రాయాలని ఎన్నేళ్ళ నుంచో మనసులో ఉంది, కానీ యూనిఫాం ఒంటి మీద ఉన్నన్నాళ్ళూ రాయలేకపోయాను. భయం వల్ల మాత్రమే కాదు, చట్టమే ఒప్పుకోదు. 1966లో పార్లమెంటు చేసిన పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ప్రకారం అనుమతి లేకుండా పోలీసు ఏ ట్రేడ్ యూనియన్‌లోనూ చేరకూడదు, పత్రికలకు రాయకూడదు. సాహిత్యం, కళ, సైన్సు అయితే రాసుకోవచ్చు. అంటే కానిస్టేబుల్ ఒక కవిత రాసి మీకు పంపితే తప్పు లేదు, తన లీవు గురించి రాసి పంపితే మాత్రం రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే ఇవాళ డ్యూటీలో ఉన్నవాళ్ళెవరూ మీకు ఈ మాటలు రాయలేరు. రిటైర్ అయిన మాలాంటివాళ్ళమే రాయాలి.

2024 అక్టోబర్‌లో జరిగింది మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ స్పెషల్ పోలీస్ (టీజీఎస్పీ) బెటాలియన్ కానిస్టేబుళ్ళ భార్యలు పిల్లలను చంకనేసుకుని రోడ్ల మీద కూర్చున్నారు. డిచ్‌పల్లిలో, సిరిసిల్లలో, ఇంకా పలుచోట్ల కూర్చున్నారు, హైదరాబాద్ వచ్చి సచివాలయం దగ్గరా అడిగారు. సెలవుల పద్ధతి మార్చడంతో రగిలిన గొడవ అది, దాంతోపాటు ‘ఏక్ పోలీస్’ కావాలన్న, అంటే పోలీసులందరికీ ఒకే పద్ధతి ఉండాలన్న పాత కోరిక కూడా బయటికొచ్చింది. ఆ తర్వాత కానిస్టేబుళ్ళే బయటికొచ్చి నినాదాలు చేశారు. 26వ తేదీన 39 మందిని సస్పెండ్ చేశారు. మర్నాడు 10 మందిని ఉద్యోగంలోంచే తీసేశారు, విచారణ లేకుండా తొలగించడానికి వీలిచ్చే రాజ్యాంగం 311 అధికరణ కింద.

మా మేనల్లుడు బెటాలియన్‌లోనే కానిస్టేబుల్. వాడి భార్య కూడా ఆ రోజుల్లో రోడ్డు మీదికి వెళ్ళింది. నేను ఫోన్ చేసి, ‘వద్దమ్మా, వాడి ఉద్యోగానికి ముప్పు’ అని గట్టిగానే చెప్పాను. ఆ అమ్మాయి ఏమందంటే, ‘మామయ్యా, ఆయన నెలకు ఎన్ని రోజులు ఇంట్ల ఉంటున్నడో మీరు చూస్తనే ఉన్నరు గదా. ఆయన అడిగితే నౌకరి పోతది. మీ సంఘపోళ్ళు అడగరు. మరి నేను గాకపోతే ఎవరడగాలె?’ నా దగ్గర జవాబు లేదు. నేను ఒకప్పుడు జిల్లా సంఘంలో కోశాధికారిగా చేసినవాణ్ణి, అయినా జవాబు లేదు.

అప్పుడు టీవీల్లో చర్చంతా క్రమశిక్షణ గురించే నడిచింది. యూనిఫాం వేసుకున్నవాళ్ళు ధర్నా చేయొచ్చా అని గంటలు గంటలు మాట్లాడారు. చేయకూడదనే నేనూ అంటాను. కానీ రోడ్డు దాకా రాకముందే ఆ మాట వినడానికి ఒక గది, ఒక బల్ల, బల్లకు అవతల పక్క కూర్చునే ఒక మనిషి ఉన్నారా అని ఎవరూ అడగలేదు. బెటాలియన్ కానిస్టేబుల్ తరఫున బల్ల దగ్గర కూర్చునే హక్కు ఎవరికుంది? ఆ మనిషిని ఎవరు ఎన్నుకున్నారు? అతను ఎవరెవరి కష్టాలను కలిపి మోస్తున్నాడు? నేను రాస్తున్నది ఈ ప్రశ్న గురించే.

ఇతర దేశాల్లో దీనికి ఒక పేరుంది, బేరసారాల యూనిట్ అంటారు. యాజమాన్యంతో కలిసికట్టుగా మాట్లాడుకోవాలంటే ముందు ఎవరెవరు ఒక గుంపు కింద లెక్క అన్నది తేల్చాలి. తేల్చకుండా సంఘం పెడితే అది పేరుకే సంఘం. ఒకే రకం కష్టసుఖాలు ఉన్నవాళ్ళు ఒక యూనిట్, తేడా ఉన్నవాళ్ళు వేరే యూనిట్, పై అధికారం చలాయించేవాళ్ళు అసలు ఆ యూనిట్‌లోనే ఉండకూడదు. చెప్పుకుంటే చిన్న విషయంలాగే ఉంటుంది, కానీ మా డిపార్ట్‌మెంట్ బాధల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు అధికారుల సంఘాలు ఉన్నాయి. పేరే చూడండి, అధికారుల సంఘం. సభ్యుల్లో ఎక్కువమంది కానిస్టేబుళ్ళు, హెడ్ కానిస్టేబుళ్ళు. ఆ సంఘాలు ఏమీ చేయలేదని నేను అనను. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు సాయం, పిల్లల చదువులు, హాస్పిటల్ బిల్లులు, ఇలాంటివి చాలా చేశారు, నేనూ తిరిగాను వాటికోసం. కానీ డ్యూటీ, సెలవు, బదిలీ అనేసరికి గొంతు పెగలదు. ఎందుకు పెగలదో ఒక సంగతి చెబుతాను.

నేను కోశాధికారిగా ఉన్నప్పుడు ఒకసారి జనరల్ బాడీ మీటింగ్ పెట్టుకున్నాం. ఖైదీల ఎస్కార్ట్ డ్యూటీల గురించి ఒక ఏఆర్ కానిస్టేబుల్ లేచాడు. పొద్దున జైలు నుంచి ఖైదీని తీసుకుని వేరే జిల్లా కోర్టుకు బస్సులో వెళ్ళడం, సాయంత్రం తిరిగి అప్పజెప్పి హెడ్‌క్వార్టర్స్‌కి రాగానే రాత్రి గార్డ్ డ్యూటీ వేయడం, నాలుగు రోజులు వరసగా ఇలాగే జరిగిందని చెప్పాలనుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టి, వేదిక వైపు చూసి, మధ్యలోనే ఆగి కూర్చున్నాడు. ఎందుకంటే ఆ డ్యూటీలు వేసే ఆయనే సంఘం గౌరవ పదవిలో వేదిక మీద కూర్చుని ఉన్నారు. ఆయన చెడ్డవారు కాదు, తర్వాత ఆ కుర్రాణ్ణి పిలిచి మాట్లాడారు కూడా. కానీ మనిషి మంచివాడా కాదా అన్నది కాదు ఇక్కడ లెక్క. డ్యూటీ వేసే చెయ్యి, డ్యూటీ గురించి అడిగే నోరు ఒకే సంఘంలో ఉంటే నోరే మూతపడుతుంది.

ఆ మీటింగ్‌లోనే ఇంకొకటి జరిగింది. మా ఏఆర్ వాళ్ళం డ్యూటీల గురించి తీర్మానం పెడదామంటే, సివిల్ వాళ్ళు ‘మాది వేరే సమస్య, స్టేషన్లో మనుషులు చాలడం లేదు, వారానికొక రోజు సెలవు లేదు, ముందు అది పెట్టండి’ అన్నారు. వాళ్ళ మాటా నిజమే. స్టేషన్ కానిస్టేబుల్‌కి కేసులు, కోర్టులు, పెట్రోలింగ్, రాత్రీ పగలూ జనంతో తలనొప్పి. ఏఆర్ వాళ్ళకు గార్డులు, ఎస్కార్టులు, బందోబస్తు. బెటాలియన్ వాళ్ళ గోస పూర్తిగా వేరు. ఇల్లు ఒకచోట, బెటాలియన్ ఇంకోచోట, డ్యూటీ మూడోచోట. క్యాంపు ఎక్కడ వేస్తే అక్కడికి ట్రంకు పెట్టె ఎత్తుకుని పోవాలి, స్కూలు గదుల్లో, ఫంక్షన్ హాళ్ళలో పడుకోవాలి. ముగ్గురూ ఒకే నోటిఫికేషన్‌లో పరీక్ష రాసి, ఒకే గ్రౌండ్‌లో పరిగెత్తి వచ్చినవాళ్ళే. మార్కుల తేడాతో, పెట్టుకున్న ఆప్షన్ తేడాతో ఒకడు ఊరి దగ్గర స్టేషన్లో పడ్డాడు, ఇంకొకడు బెటాలియన్‌లో పడ్డాడు. ముగ్గురినీ ఒకే గాటన కట్టి మీ సంఘం ఇదే అంటే, ఎవరి సంఖ్య ఎక్కువైతే వాళ్ళ మాటే నడుస్తుంది. మిగతావాళ్ళు చందా కట్టి ఇంటికి పోతారు.

పోలీసులకు యూనియన్ ఏంటి అని ముఖం చిట్లించేవాళ్ళు ముందు సింగరేణి వైపు చూడాలి. 2023 డిసెంబర్ 27న అక్కడ గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. కంపెనీ మొత్తానికి ఎక్కువ ఓట్లు తెచ్చుకుని ఏఐటీయూసీ గుర్తింపు సంఘం అయింది. కానీ ఏరియాలవారీగా చూస్తే 11లో ఆరు చోట్ల ఐఎన్‌టీయూసీ గెలిచి ప్రాతినిధ్య సంఘం అయింది. అంటే కంపెనీ అంతటికీ సంబంధించిన విషయం ఒకరు మాట్లాడతారు, ఆ ఏరియా క్వార్టర్ల సంగతి, హాస్పిటల్ సంగతి అక్కడ గెలిచినవాళ్ళు మాట్లాడతారు. రహస్య ఓటింగ్ పెట్టి, యాజమాన్యం కాని వేరే అధికారులు ఎన్నిక జరిపిస్తారు. బొగ్గు గనుల్లో మన తెలుగు కార్మికులకు ఎప్పటినుంచో అలవాటైన పద్ధతి ఇది. పోలీసుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పారిశ్రామిక వివాదాల చట్టంలో వర్క్‌మన్ అనే మాటకు అర్థం రాసేటప్పుడే పోలీసులను, జైలు ఉద్యోగులను బయట పెట్టేశారు. అక్కడ లేదు, ఇక్కడ లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది మా పరిస్థితి.

కోర్టుకు పోయి చూసినవాళ్ళూ ఉన్నారు. ఢిల్లీలో నాన్ గెజిటెడ్ పోలీసుల సంఘానికి 1966లో గుర్తింపు ఇచ్చారు, మరుసటి ఏడాది ఆందోళన తర్వాత గుర్తింపు తీసేశారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1986లో తేలింది. రాజ్యాంగం 33వ అధికరణ కింద పోలీసుల హక్కులను పార్లమెంటు కుదించవచ్చు, సంఘానికి గుర్తింపు అనేది హక్కుగా అడిగేది కాదు అని కోర్టు చెప్పింది. కాబట్టి ఇది కోర్టుల్లో తేలే విషయం కాదు. ప్రభుత్వం, చట్టసభ తలుచుకుంటేనే జరుగుతుంది. పైగా ఆ 1966 చట్టంలోనే ‘అనుమతి లేకుండా’ అన్న మాట ఉంది. అనుమతి ఇవ్వకూడదని ఎక్కడా లేదు.

ఇప్పుడు నా మనసును బాగా పట్టేసిన సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మాయి వాళ్ళు కెనడాలో ఆల్బర్టా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో ఉంటారు. నేను వెళ్ళి కొన్ని నెలలు ఉన్నాను. అక్కడ ఊరి పోలీసులంటే కూడా రాయల్ కెనడియన్ మౌంటెడ్ పోలీసే, కేంద్రం నడిపే బలగం. నేను పోలీసునని తెలిసి మా అల్లుడి పక్కింటాయన వాళ్ళ సంఘం కథ చెప్పాడు, తర్వాత మా అమ్మాయి చేత వెతికించి తెలుగులో చెప్పించుకున్నాను.

వాళ్ళకూ 2015 దాకా యూనియన్ హక్కు లేదు. బదులుగా 1974 నుంచి స్టాఫ్ ప్రతినిధుల పద్ధతి అని ఒకటి ఉండేది. ప్రతినిధులను సిబ్బందే ఎన్నుకుంటారు, వాళ్ళు వెళ్ళి అధికారులతో మాట్లాడతారు, కానీ చివరి మాట అధికారులదే. మన దగ్గర సిబ్బంది పై అధికారి ముందు కష్టాలు చెప్పుకునే దర్బార్ లాంటిదే అనుకోండి. దర్బార్‌లో కూర్చుని చెప్పుకోవచ్చు, రాసుకుంటారు, సంతకం పెట్టేది మాత్రం ఎవరి మీద చెప్పుకున్నామో వాళ్ళే. 2015 జనవరిలో ఆ దేశ సుప్రీంకోర్టు ఇది కుదరదంది. యాజమాన్యం చేతిలో ఉన్న సంఘం సంఘం కాదు, తమ ప్రతినిధిని తామే ఎంచుకునే స్వేచ్ఛ, యాజమాన్యానికి లొంగని స్వతంత్రత రెండూ ఉండాలి అని చెప్పింది. నేను ఆ మాట విన్నప్పుడు మా జనరల్ బాడీ మీటింగే కళ్ళముందు మెదిలింది.

తీర్పు తర్వాత అసలు పని మొదలైంది, ఎవరు ఏ యూనిట్ అన్నది తేల్చడం. 2017లో చట్టం చేశారు. దేశం మొత్తానికీ ఒకే యూనిట్ అన్నారు, ఇన్‌స్పెక్టర్, ఆ పై ర్యాంకుల వాళ్ళు అందులో ఉండకూడదన్నారు. క్యుబెక్ రాష్ట్రం వాళ్ళు ఒప్పుకోలేదు, మా భాష వేరు, మా పరిస్థితులు వేరు, మాకు వేరే యూనిట్ కావాలని పోరాడారు. 2018 చివర్లో ఓటింగ్ జరిగినా ఆ వివాదం తేలేదాకా ఆగి, 2019 జూలైలో నేషనల్ పోలీస్ ఫెడరేషన్‌కి గుర్తింపు వచ్చింది, దాదాపు 20,000 మందికి. కంట్రోల్ రూంలో ఫోన్లు ఎత్తి బండ్లు పంపే సిబ్బంది వేరే యూనియన్‌లో ఉన్నారు, ఎందుకంటే వాళ్ళ పని వేరు. సమ్మె హక్కు ఎవరికీ లేదు. చర్చల్లో తేలకపోతే మధ్యవర్తి మండలి చెప్పిందే ఇద్దరూ ఒప్పుకోవాలి. 2021 ఆగస్టులో మొదటి ఒప్పందం కుదిరింది. ఏళ్ళ తరబడి వేరే పోలీసు శాఖల కంటే వెనకబడిన జీతాలు పెరిగి, కానిస్టేబుల్ గరిష్ఠ జీతం ఏడాదికి లక్ష డాలర్లు దాటింది. ఒక్క రోజు సమ్మె లేదు, ఒక్క భార్య రోడ్డు మీద కూర్చోలేదు.

ఇందులో ఒక చిన్న ముచ్చట చెప్పుకోవాలి. ఆ బిల్లును మొదట పెట్టినప్పుడు బదిలీలు, వేధింపులు, ఇలాంటి చాలా అంశాలు చర్చకే రాకూడదని రాశారట. సెనేట్ అభ్యంతరం చెప్పాక ఆ నిషేధాలు తీసేశారు. సంఘం పెట్టుకోండి కానీ బాధించే విషయం తప్ప మిగతావన్నీ మాట్లాడుకోండి అనడం ఎక్కడి ప్రభుత్వానికైనా వచ్చే మొదటి ఆలోచన అన్నమాట. రేపు మన దగ్గర ఎవరైనా ఇలాంటి చట్టం తెస్తే ముందు ఈ నిషేధాల జాబితానే చూడాలి.

అమెరికా సంగతి అంత సులువుగా చెప్పలేం, రాష్ట్రానికొక పద్ధతి. 1935 నాటి వాళ్ళ కార్మిక చట్టం ప్రైవేటు ఉద్యోగులకే, రాష్ట్ర, నగర ఉద్యోగులకు వర్తించదు. పెన్సిల్వేనియాలో 1968 నుంచి పోలీసులకు చర్చల హక్కు ఉంది, సమ్మె లేదు, తేలకపోతే మధ్యవర్తి తీర్పు. టెక్సాస్‌లో ఆ ఊరి ఓటర్లు ఒప్పుకుంటేనే ఆ ఊరి పోలీసులకు చర్చల హక్కు వస్తుంది. నార్త్ కరోలినాలో అసలు ఒప్పందాలే చెల్లవు. మన తెలుగువాళ్ళు డాలస్‌లోనూ షార్లెట్‌లోనూ వేలల్లో ఉన్నారు కదా, వాళ్ళ ఊరి పోలీసుల బతుకు ఆ రెండు చోట్లా ఇంత తేడా. కానీ యూనిట్ తేల్చేటప్పుడు ఎక్కువ చోట్ల అడిగే ప్రశ్న ఒకటే: వీళ్ళకు ఒకే రకం పని, ఒకే రకం జీతం, ఒకే రకం పర్యవేక్షణ ఉన్నాయా, కష్టసుఖాలు కలుస్తాయా? 1947లోనే ప్రైవేటు కంపెనీల గార్డుల గురించి వాళ్ళు ఒక నియమం పెట్టారు, కాపలావాళ్ళు మిగతా కార్మికులతో ఒకే యూనిట్‌లో ఉండకూడదని. సమ్మె వస్తే గేటు దగ్గర నిలబడాల్సినవాడు లోపలివాళ్ళ యూనియన్‌లోనే ఉంటే ఎలా అన్నది వాళ్ళ ఆలోచన. మనకూ పనికొచ్చే ఆలోచనే అది. ఎన్జీవోలు గానీ, ఆర్టీసీ వాళ్ళు గానీ, అంగన్‌వాడీలు గానీ ధర్నా చేస్తే అక్కడ బందోబస్తుకు వెళ్ళేది మేమే కాబట్టి పోలీసుల యూనిట్ మిగతా ఉద్యోగుల జేఏసీలతో కలవకుండా విడిగా ఉండాలి.

అమెరికా నుంచి నేర్చుకోకూడనిదీ ఉంది. 2020లో మిన్నియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలితో తొక్కి చంపాక అక్కడ పెద్ద చర్చ జరిగింది, యూనియన్ ఒప్పందాల్లో రాసుకున్న రక్షణల వల్ల తప్పు చేసినవాళ్ళు తప్పించుకుంటున్నారని, తీసేసినవాళ్ళు కూడా మధ్యవర్తి తీర్పుతో మళ్ళీ ఉద్యోగంలోకి వస్తున్నారని. ఆ భయం మన జనానికీ ఉంటుంది, ఉండాలి కూడా. మా శాఖ చేతిలో లాకప్ దెబ్బలు తిన్నవాళ్ళు ఎంతమందో నాకు తెలుసు. అందుకే నేను గట్టిగా చెబుతున్నాను, జనాన్ని కొట్టినందుకు వేసే శిక్ష, లంచం తీసుకున్నందుకు వేసే శిక్ష చర్చల బల్ల మీదకు రానే కూడదు. సెలవు, డ్యూటీ గంటలు, క్యాంపులో మరుగుదొడ్డి, టీఏ, క్వార్టర్, బదిలీ, ఇవి రావాలి. ఈ గీత గీయడం కష్టమేమీ కాదు.

ఇక అందరికన్నా ముందు వచ్చే భయం సమ్మె. ఆ భయం ఊరికే పుట్టలేదు. 1919లో బోస్టన్‌లో 1,100 మందికి పైగా పోలీసులు సమ్మెకు దిగితే ఊరంతా దోపిడీలు జరిగాయి, దిగినవాళ్ళను మళ్ళీ ఉద్యోగాల్లోకి తీసుకోలేదు. మన దేశంలో 1973లో ఉత్తరప్రదేశ్‌లో పీఏసీ అనే సాయుధ పోలీసు బలగం తిరుగుబాటు చేస్తే సైన్యం వచ్చింది, ముఖ్యమంత్రి పదవే పోయింది. 1979లో పంజాబ్ కానిస్టేబుళ్ళతో మొదలైన ఆందోళన రాష్ట్రాలు దాటి కేంద్ర బలగాల దాకా పాకింది, బొకారోలో సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) వాళ్ళ మీద సైన్యం కాల్పులు జరిపింది. 1982 ఆగస్టులో బొంబాయిలో పోలీసుల సంఘాన్ని రద్దు చేస్తే నగరం తగలబడింది. ఇవన్నీ తెలిసే రాస్తున్నాను. కానీ ఈ గొడవల్లో ఒక్కటైనా చర్చల బల్ల, మధ్యవర్తి మండలి ఉన్నచోట జరిగిందా చూడండి. నోరు నొక్కిపెట్టినచోటే పగిలింది. 1979లో జాతీయ పోలీసు కమిషన్ తన మొదటి నివేదికలోనే కానిస్టేబుళ్ళ బతుకుల గురించి రాసింది. నలభై ఐదేళ్ళ తర్వాత డిచ్‌పల్లి రోడ్డు మీద ఆ భార్యలు చెప్పింది ఇంచుమించు ఆ సంగతులే.

బ్రిటన్‌లో 1918లో, 1919లో సమ్మెలు జరిగాక సమ్మెనూ యూనియన్‌నూ నిషేధించారు, కానీ అక్కడితో చేతులు దులుపుకోలేదు. అదే 1919 చట్టంతో పోలీస్ ఫెడరేషన్ పెట్టారు. అందులో కానిస్టేబుళ్ళు, సార్జెంట్లు, ఇన్‌స్పెక్టర్లు తమ తమ ర్యాంకు ప్రతినిధులను వేరువేరుగా ఎన్నుకునే పద్ధతి తెచ్చారు, సూపరింటెండెంట్లకు వేరే సంఘం. మనకు దగ్గర్లో కేరళలో కూడా కానిస్టేబుల్ స్థాయి వాళ్ళకు ఒక సంఘం, అధికారులకు ఇంకొక సంఘం దశాబ్దాలుగా ఉన్నాయి. కేరళ పోలీసులేమీ చెడిపోలేదు.

మరి మన దగ్గర ఎలా ఉండాలి? నాకు తోచింది చెబుతాను, తప్పైతే అనుభవం ఉన్నవాళ్ళు దిద్దండి. బెటాలియన్ల కానిస్టేబుళ్ళు, హెడ్ కానిస్టేబుళ్ళు ఒక యూనిట్. బెటాలియన్ బెటాలియన్‌కీ ఒక ప్రతినిధి, అన్నీ కలిపి రాష్ట్రస్థాయిలో ఒకే గొంతు, సింగరేణిలో ఏరియాకూ కంపెనీకీ ఉన్నట్టు. జిల్లాల సివిల్, ఏఆర్ వాళ్ళను నేను చాలా ఏళ్ళు వేరు చేయాలనే అనుకునేవాణ్ణి, ఆ మీటింగ్ చేదు అలాంటిది. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎస్పీ ఒకరే, జిల్లా ఒకటే, క్వార్టర్స్ ఒకటే, బందోబస్తుకు ఇద్దరమూ కలిసే నిలబడతాం. వాళ్ళను ఒక యూనిట్‌లో పెట్టి, కార్యవర్గంలో ఏఆర్‌కి కొన్ని సీట్లు కచ్చితంగా ఉండేలా చూస్తే చాలు. మరీ ముక్కలు చేస్తే పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అవుతుంది, ప్రభుత్వం ఒకరికి ఇస్తానని ఇంకొకరిని ఆపుతుంది. ఎస్సైలు, ఇన్‌స్పెక్టర్లు వేరే యూనిట్. వాళ్ళకూ టెన్షన్లు లేకపోలేదు, బహుశా మాకంటే ఎక్కువే, కానీ మెమో ఇచ్చేది వాళ్ళు, తీసుకునేది మేము. డీఎస్పీ, ఆ పైవాళ్ళు ఏ యూనిట్‌లోనూ వద్దు. మహిళా కానిస్టేబుళ్ళకు విడిగా యూనిట్ అక్కర్లేదు గానీ ప్రతి కార్యవర్గంలో సీట్లు ఉండాలి, బందోబస్తులో బట్టలు మార్చుకునే చోటు గురించి మగవాళ్ళం ఎవరమూ ఎప్పుడూ తీర్మానం పెట్టలేదు, నేనూ పెట్టలేదు.

హోంగార్డుల సంగతి మాట్లాడకుండా ఈ ఉత్తరం ముగించలేను. స్టేషన్లో మాతో సమానంగా నిలబడతారు, ట్రాఫిక్‌లో మాకంటే ఎక్కువ ఎండకు మాడతారు, తెలంగాణలో రోజుకు వెయ్యి రూపాయలు ఇస్తున్నారు, అదీ 2025లో పెంచాక. లెక్క ప్రకారం వాళ్ళు ఉద్యోగులే కాదు, వలంటీర్లు. ఉద్యోగి కానివాడికి యూనిట్ ఎక్కడిది, బేరం ఎక్కడిది? ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయాల్లోని మహిళా పోలీసుల గొడవా ఇలాంటిదే, పోలీసులా, సచివాలయ ఉద్యోగులా అని హైకోర్టు దాకా పోయింది. ఎవరు పోలీసు, ఎవరు కాదు అన్నది ముందు నిజాయితీగా తేల్చకపోతే ఏ యూనిట్ గీసినా వీళ్ళు గీత బయటే నిలబడతారు. హోంగార్డులకు వాళ్ళదే ఒక యూనిట్ ఉండాలి, కానిస్టేబుళ్ళ సంఘం దయ మీద కాదు.

ఎన్నిక రహస్య ఓటుతో జరగాలి, డిపార్ట్‌మెంట్ కాకుండా కార్మిక శాఖ గానీ, రిటైర్డ్ జడ్జి ఎవరైనా గానీ జరిపించాలి. గెలిచిన ప్రతినిధిని ఆ పదవిలో ఉన్నన్నాళ్ళూ వేరే చోటికి బదిలీ చేయకూడదు, ఎందుకో పోలీసులకు నేను చెప్పక్కర్లేదు. సమ్మె చేయబోమని ప్రతి యూనిట్ రాసివ్వాలి, బదులుగా చర్చలు ఇన్ని రోజుల్లో తేలకపోతే మధ్యవర్తి దగ్గరికి పోయే హక్కు చట్టంలో ఉండాలి. సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో బదిలీలు చూడటానికి పోలీస్ ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు పెట్టమంది, అందులో డీజీపీ, ఇంకో నలుగురు సీనియర్ అధికారులు కూర్చుంటారు. కానిస్టేబుల్ బదిలీ విధానం మాట్లాడే రోజున ఆ బోర్డు ఎదుట కానిస్టేబుళ్ళ ప్రతినిధి ఒక గంట కూర్చుని చెప్పుకుంటే ఆకాశం ఊడిపడదు. ఆంధ్రలో 2019 జూన్‌లో వారాంతపు సెలవు ప్రకటించారు, మా వాళ్ళెంత సంబరపడ్డారో. అది ప్రభుత్వం ఇచ్చిన వరం కాబట్టి మనుషులు చాలనప్పుడు స్టేషన్‌లో ఎస్సై ఆపేస్తే అడిగే దారి లేకపోయింది. ఒప్పందంలో రాసుకున్నదైతే అడగడానికి ఒక కాగితం ఉండేది.

నా కోరిక రెండు ప్రభుత్వాల హోం శాఖలకూ, ఎమ్మెల్యేలకూ. 1966 చట్టంలో ఉన్న ‘అనుమతి’ని వాడి బెటాలియన్ కానిస్టేబుళ్ళకు విడిగా ఒక గుర్తింపు సంఘం ఇవ్వండి, మొదటి ఎన్నిక వాళ్ళకే పెట్టండి, ఒక రెండేళ్ళు చూడండి. తొలగించిన ఆ 10 మంది విషయంలోనూ విచారణ లేకుండా వేసిన శిక్షను విచారణ పెట్టి మళ్ళీ చూడండి. వాళ్ళు చేసింది తప్పే అనుకున్నా, వాళ్ళ మాట వినే తలుపు ఒక్కటి కూడా లేకపోవడం మన తప్పు.

మా మేనల్లుడు మొన్న పండక్కి ఒక్క రోజు వచ్చి, తెల్లారకముందే మళ్ళీ క్యాంపుకు పోయాడు. వాడి భార్య ఈ ఉత్తరం చదివి, ‘పేరు వేయకండి మామయ్యా’ అంది. వాళ్ళ కోసం నా పేరు, ఊరు కూడా అచ్చు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఆర్ఎస్సై